పైకెక్కి పల్లానికి దిగే నీరు

నీరు పల్లమెరుగునని మన పెద్దలు చెప్పిన మాటను కాదనగలవారు లేరు. కొండమీద కురిసిన వాన వాగై, వాగు నదియై, నది సముద్రాన్ని చేరేవరకు నీటికి తెలిసిన దారి ఒక్కటే; అది కిందికి పోయే దారి. అయితే ఒక సామాన్యమైన ప్లాస్టిక్ గొట్టం ఈ మాట విషయంలో మనకొక చిన్న సందేహాన్ని తెచ్చిపెడుతుంది. నిండుగా నీరున్న తొట్టిలో గొట్టం ఒక కొసను ముంచి, దానిని తొట్టి అంచు మీదుగా వంచి, రెండవ కొసను నేలమీది బకెట్లోకి వదిలితే ఏమీ జరుగదు. అదే గొట్టాన్ని ముందుగా నీటితో నింపి ఆ విధంగానే అమర్చితే, తొట్టిలోని నీరు తనంతట తానే పైకెక్కి, అంచు దాటి, బకెట్లోకి దిగిపోతుంది. ఎవరూ తోడరు, ఏ యంత్రమూ తిరుగదు. ఈ సాధనానికే సైఫన్ అని పేరు. గ్రీకు భాషలో ఆ మాటకు గొట్టమనే అర్థం. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు. భౌతికశాస్త్ర గ్రంథాలలోనూ, నీటిపారుదల వ్యవహారంలోనూ సైఫన్ అనే వాడుక ఉన్నది గనుక ఇక్కడ కూడ ఆ మాటనే గ్రహించాను.

ప్రాచీన కావ్యాలు చదువుకొని, వాటినే పాఠం చెప్పుకొనే నేను ఈ విషయాన్ని ప్రయోగశాలలో నేర్వలేదు. మా ఇంట్లోని ఒక చేపల తొట్టి నేర్పింది. అది కూడ ఒక తప్పు చేసిన తరువాత నేర్పింది.

మా ఇల్లు హైదరాబాదు పాతనగరంలో, శాలిబండ ప్రాంతంలో ఉన్నది. చార్మినారు దగ్గరి లాడ్ బజారు గుండా పడమటికి నడిస్తే మహబూబ్ చౌక్ వస్తుంది. నాటి నిజాం ప్రధానమంత్రి ఆస్మాన్ జా 1892లో కట్టించిన గడియార స్తంభం అక్కడ నిలిచి ఉన్నది. ఆ చౌక్‌ను ఆనుకొన్న అంగడికి ముర్గీ చౌక్ అని ప్రసిద్ధి. కోళ్లు, పావురాలు, చిలుకలు, పెంపుడు జీవాలు కొనదలచినవారు తరతరాలుగా ఆ వైపే నడిచేవారు. మా అమ్మాయికి పదేళ్లు నిండిన నాడు ఆమె కోరిక మీద ఆ చుట్టుపక్కల ఒక దుకాణంలో గాజు తొట్టి ఒకటి, నాలుగు బంగారు చేపలు కొన్నాను. తొట్టి పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 30. బంగారు చేప చాల తింటుంది, అంతకు తగినట్లే నీటిని మురికి చేస్తుంది. అంత చిన్న తొట్టికి నాలుగు చేపలు చాల ఎక్కువని నాకు అప్పుడు తెలియదు.

మూడు వారాలు గడిచేసరికి నీరు మసకబారింది. అడుగున పరచిన గులకరాళ్ల నడుమ చేపల మలమూ, అవి తినగా మిగిలిన మేతా పేరుకొన్నాయి. తొట్టిని ఎత్తి పెరట్లోకి తీసుకుపోదామనుకొన్నాను. అందులో 25 సెంటీమీటర్ల ఎత్తున నీరున్నది. లెక్కకు 45 లీటర్లు. అంటే నీటి బరువే 45 కిలోగ్రాములు. దానికి రాళ్లూ గాజూ తోడు. పైగా నీటితో నిండిన తొట్టిని ఎత్తితే గాజు అతుకులు విచ్చుకొనే ప్రమాదమున్నది. అందువల్ల చేపలను ఒక గిన్నెలోకి మార్చి, చెంబుతో నీరంతా తోడిపోసి, రాళ్లను కుళాయి కింద బియ్యం కడిగినట్లు కడిగి, గాజును పీచుతో రుద్ది, మళ్లీ కుళాయి నీటితో నింపాను. తొట్టి అద్దంలా మెరిసింది. ఇల్లంతా సంతోషించాము. మరునాటి ఉదయానికి ఒక చేప పక్కకు ఒరిగి తేలింది. మూడవ నాటికి ఒక్కటే మిగిలింది. మా అమ్మాయి నన్ను ఒక్క మాట కూడ అనలేదు. చనిపోయిన వాటిని తానే తీసుకుపోయి గోరింట మొక్క మొదట్లో పాతిపెట్టి వచ్చింది.

మా పక్కింట ఒక పెద్దమనిషి ఉండేవారు. స్కూటర్లు, మోటార్ సైకిళ్లు మరమ్మతు చేసి చేసి వయసు మీదపడి పని మానుకొన్నవారు. వీధిలో పిన్నలకూ పెద్దలకూ ఆయన చాచాయే. సంగతి విని మా ఇంటికి వచ్చి, తొట్టి ముందు చేతులు కట్టుకొని కొంతసేపు నిలబడ్డారు.

“సార్, మొత్తం ఎందుకు కడిగిన్రు? గది చేపలు బతికే ఇల్లు. ఇల్లు ఊడ్వమంటే కూలగొడ్తరా ఎవరైనా?” అన్నారు.

“మురికి పోవాలి కదా చాచా!” అన్నాను.

“మురికి పోవాలె, నీళ్లు ఉండాలె. గట్లనే చెయ్యాలె. ఒక పైపు ముక్క తెండి.”

ఆయన మాటలోని సత్యం శాస్త్రగ్రంథాలు చూచిన తరువాత మరింత స్పష్టమైంది. చేపలు విసర్జించే మలినాల నుండి, కుళ్లిన మేత నుండి నీటిలో అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. అయితే కొన్ని వారాలు నడిచిన తొట్టిలో రాళ్లమీద, గాజుమీద, వడపోత స్పంజిలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు స్థిరపడతాయి. నైట్రోసోమోనాస్ జాతివి అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. అది కూడ విషమే. నైట్రోస్పైరా మొదలైన మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు వలన హాని చాల తక్కువ. అదీ మరీ పెరుగకుండ అప్పుడప్పుడు కొంత నీరు తీసివేసి కొత్త నీరు పోస్తే సరిపోతుంది. నేను రాళ్లను కడిగిన నాడు ఈ సేవకులనందరిని మోరీలోకి పంపివేశాను. అంతటితో ఆగలేదు. నగరంలో ఇంటింటికి వచ్చే కుళాయి నీటిలో రోగక్రిములను చంపడానికి క్లోరిన్ కలుపుతారు. మనకు మేలు చేసే ఆ క్లోరిన్ చేపల మొప్పలను గాయపరుస్తుంది. మిగిలిన సూక్ష్మజీవులను కూడ చంపుతుంది. మెరిసే తొట్టిలో చేపలు చనిపోవడానికి ఈ రెండు కారణాలు చాలు.

కాబట్టి చేయవలసినది ఏమంటే, చేపలను కదిలించకుండ, తొట్టిని ఎత్తకుండ, అడుగున ఉన్న మురికిని మాత్రం కొంత నీటితో సహా బయటికి తీయడం. చెంబుతో తోడితే పైనున్న శుభ్రమైన నీరు వస్తుంది, అడుగు మురికి కలగి నీరంతా వ్యాపిస్తుంది. అడుగు నుండి మెల్లగా పీల్చి తీసే ఉపాయం సైఫన్ ఒక్కటే.

దీనికి పెద్ద సామగ్రి అక్కరలేదు. లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్లుండే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం రెండు మీటర్లు, ఒక బకెట్టు ఉంటే చాలు. గొట్టం పారదర్శకంగా ఉండాలనడానికి కారణమున్నది: లోపల నీరు ఎక్కడిదాక వచ్చిందో, గాలి బుడగ ఎక్కడ నిలిచిందో కంటికి కనబడాలి. ఇంట్లో పాత గొట్టమేదైనా దొరికితే వాడుదామనుకోరాదు. సబ్బునీటికో, పురుగుల మందుకో, పెట్రోలుకో వాడిన గొట్టం చేపలకు మృత్యువు.

ఇక అసలు చిక్కు, సైఫన్‌ను ప్రారంభించడం. గొట్టంలో గాలి ఉన్నంతవరకు నీరు కదలదు. గాలి వెడలిపోయి నీరు నిండాలి. చాలమంది చేసే పని నోటితో పీల్చడం. గొట్టం కొసను నోట పెట్టుకొని ఒక్క పీల్పు పీల్చి, నీరు వస్తున్నదనగా వేలు అడ్డుపెట్టి బకెట్లోకి వదలుతారు. చూడటానికి ఇది చాల సులభం. చాచా మాత్రం గొట్టం అందుకొన్న వెంటనే, “మూతి పెట్టేది లేదు సార్, ముందే చెప్తున్న” అన్నారు. ఆ పట్టుదలకు కారణం తరువాత తెలిసింది. పడుచు వయసులో ఒక స్కూటరు ట్యాంకు నుండి పెట్రోలు తీస్తూ ఆయన నోటితో పీల్చారట. పెట్రోలు గొంతులోకి వచ్చింది, దగ్గు వచ్చింది, ఆ దగ్గులో కొంత ఊపిరితిత్తులలోకి పోయింది. పదిరోజులు దవాఖానాలో ఉండవలసి వచ్చింది. ఆ తరువాత ఏడాదిపాటు మెట్లెక్కితే ఆయాసపడేవాడినని చెప్పారు.

ఈ అనుభవం వెనుక ఉన్న కారణం తెలిసికోదగినది. పెట్రోలు, కిరసనాయిలు వంటి ద్రవాలు చాల పలుచనివి. చెంచాలో కొంత భాగమైనా ఊపిరితిత్తులలోకి చేరితే అది లోపల వేగంగా వ్యాపించి, తీవ్రమైన వాపును కలిగిస్తుంది. అందువల్లనే వాటిని మింగినవారికి వాంతి చేయించరాదని వైద్యులు హెచ్చరిస్తారు. వాంతితోబాటు ఆ ద్రవం మళ్లీ శ్వాసనాళంలోకి పోవచ్చును. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవడమే కర్తవ్యం. ఇవి ఒకప్పుడు మన వీధులలో నిత్యమూ జరిగిన పనులు. రేషను దుకాణంలో కిరసనాయిలు పీపాకు చేతితో నొక్కే పంపు ఎందుకుండేదో ఇప్పుడు మీకు బోధపడి ఉంటుంది.

చేపల తొట్టి నీరు పెట్రోలు కాదు గదా అనవచ్చు. నిజమే. కాని ఆ నీటిలో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు ఉండవచ్చు. గుక్కెడు కడుపులోకి పోతే విరేచనాలు, జ్వరం రావచ్చు. మైకోబాక్టీరియం మెరైనమ్ అనే మరొక సూక్ష్మజీవి చేతిమీది గాయాల ద్వారా ప్రవేశించి, చర్మంపై నెలల తరబడి మానని గడ్డలను కలిగిస్తుంది. చేతికి కోతగాని పుండుగాని ఉన్నప్పుడు తొట్టిలో చేయి పెట్టకపోవడం మేలు. తప్పనప్పుడు రబ్బరు తొడుగు వేసుకోవాలి. పని ముగిసిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకోవాలి. ముందు మాత్రం సబ్బు కూడదు. చేతికంటిన సబ్బు తొట్టిలో దిగుతుంది.

నోటి అవసరం లేకుండ సైఫన్‌ను ప్రారంభించే పద్ధతులు చాల ఉన్నవి. చాచా మాకు చూపినది అన్నిటికంటె సులభమైనది. గొట్టాన్ని చుట్టగా చుట్టి, ఒక కొస నుండి మొదలుపెట్టి మెల్లమెల్లగా మొత్తం తొట్టిలో ముంచాలి. మొదటి కొస నుండి నీరు లోపలికి ప్రవేశిస్తుంటే రెండవ కొస నుండి గాలి బుడగలుగా వెడలిపోతుంది. రెండు కొసలను ఒకేసారి ముంచితే గాలి నడుమ చిక్కుకొంటుంది. అప్పుడు గొట్టాన్ని నీటిలోనే అటూఇటూ వంచి బుడగలను బయటికి తరమాలి. ఇక బుడగలు రావని తేలిన తరువాత, ఒక కొసను బొటనవేలితో గట్టిగా మూసి, ఆ కొసను తొట్టి బయటికి తీసి, బకెట్లోకి దించాలి. రెండవ కొస నీటిలోనే ఉండాలి. అది క్షణకాలం పైకి తేలినా గాలి దూరి శ్రమ వృథా అవుతుంది. బకెట్లోకి దించిన కొస తొట్టి నీటి మట్టానికి బాగా కిందికి చేరిన తరువాతనే వేలు తీయాలి. అంతే, నీరు దుముకుతుంది.

తొట్టిలో చేయి పెట్టడం ఇష్టం లేనివారు గొట్టాన్ని కుళాయి దగ్గరనే నింపుకోవచ్చు. నీరు నిండిన తరువాత రెండు కొసలను రెండు బొటనవేళ్లతో మూసి తొట్టి దగ్గరకు తేవాలి. ఒక కొసను తొట్టిలో ముంచిన తరువాతనే ఆ వేలు తీయాలి. ఆ పిదప బకెట్లోని వేలు. ఈ క్రమం తప్పితే పని చెడుతుంది. గొట్టంలోని కుళాయి నీరు బకెట్లోకే పోతుంది గనుక చేపలకు హాని లేదు. అంగళ్లలో నడుమ రబ్బరు బుడ్డి అమర్చిన గొట్టాలు కూడ దొరుకుతాయి. బుడ్డిని నాలుగైదు సార్లు నొక్కి వదలితే అదే గాలిని తోడి నీటిని రప్పిస్తుంది. తొట్టిలో ముంచే కొసకు వెడల్పైన గొట్టపు మూతి అతికించిన సాధనం మరొకటి ఉన్నది. ఆ మూతిని నీటిలో నిలువుగా పైకీ కిందికీ నాలుగు మార్లు జాడించితే నీరు ఎగదట్టి అంచును దాటుతుంది. మా అమ్మాయికి ఇదే ఇష్టం; నాకు మాత్రం చాచా నేర్పిన బొటనవేలి పద్ధతియే చేతికి పట్టుబడింది.

ఇప్పుడు ఈ నీరు పైకెందుకెక్కినదన్న ప్రశ్నకు వద్దాము. గొట్టానికి రెండు కాళ్లున్నట్లు భావించండి. తొట్టి నీటి మట్టం నుండి అంచు మీది వంపు వరకు పొట్టి కాలు. ఆ వంపు నుండి బకెట్లోని కొస వరకు పొడవు కాలు. తొట్టి నీటి మీద వాతావరణ పీడనం పనిచేస్తున్నది. బకెట్లోని కొస దగ్గర కూడ అదే వాతావరణ పీడనం ఎదురొత్తుతున్నది. ఈ రెండు దాదాపు సమానం. కాని పొట్టి కాలిలో వేలాడే నీటి స్తంభం చిన్నది, పొడవు కాలిలో వేలాడేది పెద్దది. తక్కెడలో బరువైన పళ్లెం దిగినట్లు పెద్ద స్తంభం కిందికి జారుతుంది. అది జారగానే వంపు దగ్గర పీడనం తగ్గుతుంది. అక్కడ ఖాళీ ఏర్పడకుండ తొట్టి నీటిని వాతావరణ పీడనం పైకి తోస్తుంది. నీరు పైకెక్కుతున్నదని మనం ఆశ్చర్యపడేది ఆ నాలుగు వేళ్ల ఎత్తును చూచి. మొత్తం మీద అది దిగుతున్నదే గాని ఎక్కుతున్నది కాదు. పెద్దల మాటకు భంగం రాలేదు.

ఇందులో వాతావరణానికి ఎంత పాలు, భూమ్యాకర్షణకు ఎంత పాలు అన్న విషయంలో నిఘంటుకారులు కూడ పొరబడినారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించే స్టీఫెన్ హ్యూస్, సైఫన్‌ను నడిపేది వాతావరణ పీడనమని ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు 1911 నుండి చెబుతున్నదని గమనించి, అది సరికాదని, నడిపేది భూమ్యాకర్షణయని 2010లో ఎత్తిచూపినాడు. సుమారు వందేండ్లు ఆ అర్థం అట్లే అచ్చయినది. శబ్దార్థాల కోసం రోజూ నిఘంటువులు తిరగవేసే నావంటివాడికి ఈ సంగతి కొంత గుబులు పుట్టించింది. వాతావరణ పీడనం చేసే పని వేరు. అది నీటి స్తంభం నడుమ తెగిపోకుండ రెండు వైపుల నుండి ఒత్తి పట్టుకొంటుంది. సముద్రమట్టం దగ్గర ఆ ఒత్తిడి సుమారు 10 మీటర్ల నీటి స్తంభాన్ని మాత్రమే నిలుపగలదు. హైదరాబాదు సముద్రమట్టానికి అర కిలోమీటరు పైచిలుకు ఎత్తున ఉన్నది గనుక ఇక్కడ ఆ ఎత్తు మరికొంత తగ్గుతుంది. మామూలు సైఫన్‌తో నీటిని అంతకంటె ఎత్తైన గోడ దాటించడం సాధ్యం కాదు. చేపల తొట్టికి ఆ చింత లేదు.

నీటి వేగం దేనిమీద ఆధారపడుతుంది? గొట్టం ఎంత పొడవున్నదని కాదు, తొట్టి నీటి మట్టానికీ బకెట్లోని కొసకూ నడుమ ఎంత వ్యత్యాసమున్నదని చూడాలి. గొట్టం పొడవు పెరిగితే రాపిడి పెరిగి వేగం తగ్గుతుంది కూడ. మా తొట్టి 75 సెంటీమీటర్ల బల్లమీద ఉన్నది. నీటి మట్టం నేలకు ఒక మీటరు ఎత్తు. బకెట్లో కొస నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే వ్యత్యాసం 70 సెంటీమీటర్లు. రాపిడి లేదనుకొంటే నీరు సెకనుకు 3.7 మీటర్ల వేగంతో రావలసి ఉంటుంది. నిజానికి సన్నని గొట్టంలో రాపిడి వలన అందులో మూడవ వంతుకు కొంచెం పైన మాత్రమే వస్తుంది. అయినను 11 లీటర్లు బయటికి రావడానికి సుమారు రెండు నిమిషాలు చాలు. బకెట్టును తొట్టి పక్కనే బల్లమీద పెట్టి, నీరు రావడం లేదని విసుగుకొనేవారిని చూచాను. బకెట్లోని నీరు తొట్టి నీటితో సమానమైన మట్టానికి చేరితే సైఫన్ ఆగిపోతుంది. కొస బకెట్టు నీటిలో మునిగి ఉండి, బకెట్టు మట్టమే ఎక్కువైతే నీరు వెనుకకు, అంటే మురికితో సహా తొట్టిలోకే మళ్లుతుంది.

సైఫన్ చేయలేని పని నీటిని ఉన్న మట్టం కంటె పైకి చేర్చడం. మన నగరానికి పడమట గోలకొండ కోటలో ఆ అవసరమే వచ్చింది. కింది బావుల నీటిని మీది మహళ్లకు చేర్చడానికి కుతుబ్‌షాహీల కాలంలో ఎడ్లతో తిప్పే చక్రాలతో అంచెలంచెలుగా పైతొట్లలోకి తోడి, మట్టి గొట్టాల ద్వారా పంచేవారు. ఆ గొట్టాల తునకలు ఈనాటికీ గోడలలో కనిపిస్తాయి. 1908 సెప్టెంబరులో మూసీ నది ముంచెత్తిన తరువాత, 1920లో పూర్తియైన ఉస్మాన్ సాగరు నీరు నగరానికి వాలు మీదనే పారివచ్చింది. 2004 నుండి వస్తున్న కృష్ణా జలాన్ని మాత్రం నల్లగొండ జిల్లా నుండి నూరు కిలోమీటర్లకు పైగా విద్యుత్తు పంపులతో ఎత్తిపోయవలసి వచ్చింది. ఎడ్లు చేసిన పని మోటార్లు చేస్తున్నవి. ఎవరో ఒకరు శ్రమపడనిదే నీరు మిట్టకెక్కదు.

సైఫన్ చాల పాతది. సుమారు క్రీస్తు పూర్వం 1500 నాటి ఈజిప్టు చిత్రాలలో పెద్ద కుండల నుండి ద్రవాన్ని వంపు గొట్టాలతో తీస్తున్న మనుషులు కనిపిస్తారు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరవాసి హీరో తన గ్రంథంలో దీనిని వివరించినాడు. మన దేశంలో ఇది ఒక ఆటవస్తువుగా వెలసింది. వాసుదేవ పాత్ర అని ఒక లోహపు గిన్నె ఉన్నది. దాని నడుమ చిన్నికృష్ణుని ఎత్తుకొన్న వసుదేవుని బొమ్మ ఉంటుంది. గిన్నెలో నీరు పోస్తూపోతే అది యమున పొంగినట్లు పెరిగి, బాలకృష్ణుని పాదం తాకుతుంది. తాకగానే నీరంతా అడుగు నుండి కారి గిన్నె ఖాళీ అవుతుంది. బొమ్మ లోపల వంపు తిరిగిన గొట్టమొకటి దాగి ఉంటుంది. దాని వంపు సరిగ్గా పాదం ఎత్తున ఉంటుంది. నీరు ఆ ఎత్తును చేరగానే సైఫన్ తనంతట తానే ప్రారంభమవుతుంది. పోతన భాగవతం దశమస్కంధంలో వసుదేవునికి యమున దారి ఇచ్చిన ఘట్టాన్ని ఎన్నోమార్లు పాఠం చెప్పిన నేను, పాదస్పర్శకు నది తగ్గిన కథను ఒక కంచరి లోహంలో ఇట్లు పలికించినాడని తెలిసిన నాడు ఆ అజ్ఞాత శిల్పికి మనసులో నమస్కరించాను.

ఆ గిన్నెలోని ఉపాయమే పెద్ద ఎత్తున మన తెలంగాణలో ఒక జలాశయానికి ఉపయోగపడింది. వనపర్తి జిల్లాలోని సరళాసాగర్‌ను వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరిట తలపెట్టినాడు. 1949లో మొదలైన పని 1959లో పూర్తియైనది. అక్కడ వరద వచ్చినప్పుడు తలుపులెత్తడానికి మనిషి అక్కరలేదు. నీరు నిర్ణీతమైన మట్టం దాటగానే కట్టడం లోపలి సైఫన్లు నిండి, అదనపు నీటిని వాటంతటవే బయటికి పంపుతాయి. మట్టం తగ్గి గాలి ప్రవేశించగానే ఆగిపోతాయి. పెద్ద సైఫన్లను ప్రారంభించడానికి చిన్న ప్రైమింగ్ సైఫన్లు కూడ అమర్చినారు. చేపల తొట్టి దగ్గర బొటనవేలు చేసే పని అక్కడ ఇవి చేస్తున్నవన్నమాట. 2019 డిసెంబరు 31న ఆ జలాశయపు కట్టకు గండిపడి నీరంతా పోయింది. తరువాత గండి పూడ్చి పునరుద్ధరించినారు. వాగును దాటించడానికి కాలువ నీటిని భూమి కిందుగా పంపే కట్టడాలను కూడ సైఫన్లనే అంటారు గాని, అవి తలకిందులైన సైఫన్లు. వాటిలో నీరు దిగి ఎక్కుతుంది. ప్రారంభించే చిక్కు లేదు. మూసీ వరద తరువాత 1909లో హైదరాబాదుకు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య తన ఉద్యోగ జీవితపు తొలి రోజులలో ధూలియా ప్రాంతంలోని పాంజరా నది కాలువమీద అట్టి గొట్టపు సైఫన్‌నే నిర్మించినాడు.

తొట్టి దగ్గరకు మళ్లీ వద్దాము. పని మొదలుపెట్టేముందు వడపోత యంత్రానికీ, నీటిని వెచ్చచేసే సాధనం ఉంటే దానికీ విద్యుత్తు ప్లగ్గు తీసివేయాలి. తడి చేతులతో ప్లగ్గు ముట్టరాదు. వేడెక్కి ఉన్న సాధనం నీటి మట్టం తగ్గి గాలికి బయటపడితే దాని గాజు పగులుతుంది. చిన్న చేపలున్న తొట్టియైతే గొట్టపు కొసకు పలుచని వలగుడ్డ కట్టాలి. లేకుంటే చేప బకెట్లోకి వచ్చి చేరుతుంది. కొసను గులకరాళ్లలో కొద్దిగా గుచ్చి, మురికి పైకి లేచి గొట్టంలోకి పోగానే పక్కకు జరపాలి. రాళ్లు గొట్టంలోకి ఎక్కుతుంటే బకెట్టు వైపు గొట్టాన్ని వేళ్లతో కొంచెం నొక్కితే ప్రవాహం మందగించి రాళ్లు జారిపోతాయి. ఒక్క రోజున అడుగంతా శుభ్రం చేయాలనుకోరాదు. ఈ వారం సగభాగం, పై వారం మిగతా సగం. మొత్తం నీటిలో నాలుగవ వంతు, మా తొట్టికి 11 లీటర్లు బయటికి రాగానే ఆపాలి. ఆపడానికి గొట్టాన్ని పిండనక్కరలేదు. బకెట్లోని కొసను తొట్టి నీటి మట్టానికి పైకి ఎత్తితే చాలు, లేదా తొట్టిలోని కొసను నీటి నుండి తీసివేసి గాలి పీల్చనివ్వాలి.

కొత్త నీరు పోసేముందు క్లోరిన్ పోగొట్టాలి. మా వీధికి కుళాయి నీరు రోజు విడిచి రోజు వచ్చేది. వచ్చిన నాడు వెడల్పైన మూతిగల బకెట్లో పట్టి, ఒక పగలూ ఒక రాత్రీ మూత లేకుండ నిలువ ఉంచితే క్లోరిన్ చాలవరకు గాలిలో కలిసిపోయేది. తొందరగా కావలసినవారు అంగట్లో దొరికే సోడియం థయోసల్ఫేటు ద్రావణాన్ని సీసామీద చెప్పిన మోతాదులో కలుపుతారు. కొత్త నీరు తొట్టి నీటికంటె మరీ చల్లగాగాని వెచ్చగాగాని ఉండకూడదు. దానిని ఒక గిన్నెమీద పడేటట్లు మెల్లగా పోయాలి, లేకుంటే అడుగు కలగుతుంది. బకెట్లోని మురికినీటిని మోరీలో పోయకండి. అందులో నైట్రేటు ఉన్నది. మొక్కలకు అది ఎరువు.

మూడు చేపలు పోయిన తరువాత మిగిలిన ఒక్కదానికి చాచా చెప్పినట్లే చేశాము. వారానికొకసారి, ఆదివారం ఉదయం, నాలుగవ వంతు నీరు. మొదటి రెండు వారాలు అది మేత ముట్టక అడుగునే ఉన్నది. అప్పుడు మేత సగానికి సగం తగ్గించి, నీరు రెండు రోజులకొకసారి కొద్దికొద్దిగా మార్చాము. మూడవ వారానికి పైకి వచ్చింది. ఆ తరువాత ఆరేళ్లు బ్రతికింది. తోడుగా మరో చేపను తెద్దామంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు. ఆ తొట్టికి ఒకటే సరిపోతుందని చాచా చెప్పారన్నది. ఒక ఆదివారం నేను గొట్టం చుట్ట చుట్టుకొని తొట్టి దగ్గరకు పోయేసరికి ఆమె అప్పటికే ఒక కొసను ముంచి, బొటనవేలితో రెండవ కొసను మూసి, బకెట్లోకి దించుతున్నది. “వేలు ఇప్పుడే తీయకు, ఇంకా కిందికి” అనబోయాను. అనవలసిన పని లేకపోయింది.

ఆ గొట్టం మా ఇంట్లో ఇంకా ఉన్నది. మొక్కల నీటి పీపాకు వాడుతున్నాము. గోరింట మొక్క ఇప్పుడు గోడ ఎత్తున పెరిగింది.